గొట్టం మార్చిన తుపాకి

రుబ్బురోలు నున్నబడితే కక్కు కొట్టించుకుంటాం. ఇత్తడి గిన్నెకు కళాయి పోతే మళ్ళీ పోయించుకుంటాం. కాసులపేరుకు దారం చివికిపోతే కొత్త దారానికి గుచ్చించుకుంటాం. అంతమాత్రాన అది వేరే కాసులపేరు అయిపోదు, అమ్మమ్మగారిదే. అవే కాసులు కరిగించి గాజులు చేయిస్తే మాత్రం, బంగారం అమ్మమ్మగారిదైనా నగ మనదే. ఏది మారిస్తే వస్తువు నిలుస్తుందో, ఏది మారిస్తే వస్తువే వేరైపోతుందో ఆడవాళ్ళకు ఒకరు నేర్పక్కర్లేదు.

ఈ లెక్క తుపాకికి కూడా వర్తిస్తుందంటే మీరు నవ్వుతారేమో. "తుపాకితో మనకేం పనమ్మా?" అంటారు. మనకు పని లేకపోవచ్చు గానీ, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పాత ఇళ్ళలో కోడళ్ళుగా అడుగుపెట్టినవాళ్ళకు అది కొత్త వస్తువేమీ కాదు. హాల్లో గోడకు దుప్పి కొమ్ములు, వాటి కింద రెండు మేకుల మీద తుపాకి. పేల్చింది మగవాళ్ళయినా దుమ్ము దులిపిందీ, దసరా నాడు పసుపు కుంకుమలు పెట్టిందీ మనమే కదా!

మా అత్తవారిది పాత కరీంనగర్ జిల్లాలో జగిత్యాల వైపు పల్లె. మా పెద్దమామగారి వేట రైఫిలు ఒకటి ఆ ఇంట్లో ఉండేది. ఇంగ్లండులో బర్మింగ్‌హాం నగరంలోని బి.ఎస్.ఎ. కంపెనీ సరుకు. చూడగానే ఒక వింత కనిపిస్తుంది. చెక్క మడమ నల్లబడి, చేతి చెమటకు నునుపుదేలి ముసలిదై ఉంటుంది. గొట్టం మాత్రం దానికంటే చిన్నది. అంటే పొడుగులో కాదు, వయసులో. కట్టుడు పళ్ళు పెట్టించుకున్న పెద్దమనిషి నవ్వినట్టు ఉంటుంది దాని వాలకం. "ఇదెందుకిలా ఉంది?" అని కాపురానికి వచ్చిన కొత్తలోనే అడిగాను. "గొట్టం మార్పించిన్రు" అని ఊరుకుంది మా అత్తగారు. ఆ రెండు మాటల వెనక మా జిల్లాల చరిత్ర ఎంతో ఉందని తరవాత్తరవాత తెలిసింది.

ముందు గొట్టం సంగతి చెప్పుకుందాం. తుపాకికి ప్రాణం గొట్టంలోనే ఉంటుంది. మామూలు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రైఫిలుకు అలా కాదు. లోపల పొడుగునా మెలికలు తిరుగుతూ సన్నని గాళ్ళు కోసి ఉంటాయి. సుమారు 500 ఏళ్ళ కిందట జర్మన్ పట్టణాల పనివాళ్ళు కనిపెట్టిన ఉపాయమిది. గుండు ఆ గాళ్ళలో ఒరుసుకుంటూ వెళ్ళి, బొంగరంలా తిరుగుతూ బయటపడుతుంది. తిరిగే బొంగరం పడిపోకుండా నిలబడ్డట్టే, తిరిగే గుండు దారి తప్పకుండా పోతుంది. త్రీనాట్‌త్రీ అని మనం సినిమాల్లోనూ పోలీసుల చేతుల్లోనూ చూసిన రైఫిలుంది చూశారూ, దాని గొట్టంలో 5 గాళ్ళుంటాయి. ప్రతి 10 అంగుళాలకూ ఒక పూర్తి చుట్టు. ఆ లెక్కన గుండు సెకనుకు దాదాపు 2900 చుట్లు తిరుగుతుంది. మన వంటింటి మిక్సీ ఎంత కేకలు పెట్టినా దాని దరిదాపులకు కూడా రాదు.

ఆ గాళ్ళు రోటి కక్కులాంటివే, అరిగిపోతాయి. తూటా పేలినప్పుడు గొట్టం మొదట్లో చదరపు అంగుళానికి 18 టన్నులకు పైగా ఒత్తిడి పుడుతుంది. నిప్పులాంటి వేడి గాలి ఉక్కును కొద్దికొద్దిగా నాకేస్తుంది. దీనికి తోడు తుప్పు ఒకటి. పాతకాలం తూటాల అడుగున నిప్పు రాజేసే మందులో ఒక రకం లవణం ఉండేది. పేలాక అది గొట్టంలో సన్నని ఉప్పుపొరలా మిగిలేది. వానాకాలంలో ఉప్పు డబ్బా ఎట్లా చెమరుస్తుందో మీకు చెప్పాలా? అదే చెమ్మ గొట్టంలో చేరి, తెల్లారేసరికి తుప్పు పట్టించేది. నూనె పూసినా ఆ ఉప్పు కరగదు. దానికి మందు ఒకటే, మరిగే నీళ్ళు.

మా అత్తగారు చెప్పేది, వేట నుంచి మగవాళ్ళు తిరిగొచ్చిన రాత్రి పొయ్యి మీద రెండు గుండిగలు ఎక్కేవట. ఒకటి వాళ్ళ స్నానానికి, రెండోది తుపాకి స్నానానికి. గరాటు పెట్టి గొట్టంలో సలసల కాగే నీళ్ళు పోయడం, పొడుగాటి కడ్డీకి గుడ్డపేలిక చుట్టి తుడవడం, ఆ తరవాత నూనె పట్టించడం. "మనిషి ఆకలి తరువాత, దాని స్నానం ముందు" అనేది ఆవిడ. ఏ వేట పుస్తకంలోనూ ఆ నీళ్ళు కాచిన చేతుల ముచ్చట రాయలేదు. ఆ చేతులు లేకపోతే ఈ తుపాకులు నాలుగు వానాకాలాలు కూడా నిలిచేవి కావు.

సరే, మా ఇంటి రైఫిలుకు గొట్టం ఎందుకు మారింది? కాగితాల మీద కారణం చట్టం. మా రైఫిలు మొదట త్రీనాట్‌త్రీ. అది సైన్యం వాడే తూటా. జనం చేతుల్లోని తుపాకుల్లో సైన్యం తూటాలు పడితే, దొంగిలించిన తూటాలు తిరగబడేవాళ్ళకు ఉపయోగపడతాయని ఇంగ్లీషువాళ్ళకు 1857 నుంచీ గుబులే. 1907లో 450 బోరు తూటాలను కూడా ఈ భయంతోనే ఇండియాలోకి రానివ్వలేదు. దాంతో లండను, బర్మింగ్‌హాం తుపాకుల కంపెనీలు 465, 470 అంటూ ఎన్నడూ లేని కొలతలు పుట్టించాయి. మన దేశంలో పులుల మీదా ఏనుగుల మీదా పేలిన పేరుమోసిన పెద్ద తుపాకులు చాలా వాటి కొలతలు ఇట్లా సర్కారు భయంలోంచి పుట్టినవే!

త్రీనాట్‌త్రీకి బదులుగా దొరికింది 315 బోరు. పుట్టుకతో అది ఆస్ట్రియా దేశపు సైన్యం తూటా. మన దేశపు సైన్యం వాడదు గనక సర్కారుకు దానితో పేచీ లేదు. తమాషా ఏమంటే, ఈ రెండు తూటాల అడుగు అంచు దాదాపు ఒకే కొలత. అందుకని త్రీనాట్‌త్రీ రైఫిలుకు గొట్టం ఒక్కటి మారిస్తే, చిన్నాచితకా సర్దుబాట్లతో 315 అయిపోతుంది. బి.ఎస్.ఎ. కంపెనీ ఇండియా కోసం ఈ బోరులో రైఫిళ్ళు చేసి పంపింది. కలకత్తా దగ్గర ఇషాపూర్‌లో 1904లో మొదలైన రైఫిళ్ళ కర్మాగారం స్వతంత్రం వచ్చాక ఇదే బోరులో వేట రైఫిళ్ళు తయారుచేసింది. త్రీనాట్‌త్రీ మాత్రం ఈనాటికీ మామూలు పౌరులకు నిషిద్ధమే.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి, నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆ తరవాత కొన్నేళ్ళకు మా పెద్దమామగారు రైఫిలును హైదరాబాదు తీసుకెళ్ళి గొట్టం మార్పించారు. తీసిన పాత గొట్టాన్ని అప్పగించినందుకు ఇచ్చిన ఉర్దూ రసీదు చాలాకాలం మా ఇంట్లో భూమి కాగితాల సంచిలోనే ఉండేది.

గొట్టం మార్చడమంటే చెంబుకు మూత మార్చినట్టు కాదు. ఆ పని తెలిసిన, లైసెన్సు ఉన్న ఒక పెద్దాయనను హైదరాబాదులో అడిగాను. ఓపిగ్గా చెప్పాడు.

"అమ్మా, గొట్టం పోయినంత మాత్రాన తుపాకి పోదు. కట్టె మారుస్తం, గొట్టం మారుస్తం. నడుమ నంబరున్న ముక్క ఉన్నది చూడు, బోల్టు ఆడేది, అదే తుపాకి. దాన్ని మారిస్తే ఇంక అది వేరే తుపాకి."

పాత గొట్టం నడిమి ముక్కలో మరచుట్లతో బిగించి ఉంటుంది. పదుల ఏళ్ళు బిగిసి ఉన్నదాన్ని నడిమి ముక్క మెలిపడకుండా విప్పాలి. కొత్త గొట్టానికి సరిగ్గా అవే మరచుట్లు కోయాలి. గొట్టం మొదట్లో తూటా కూర్చునే గదిని తొలవాలి. తూటా అడుగుకూ బోల్టు మొహానికీ మధ్య ఉండే సందు కొలత మరీ ముఖ్యం. కుక్కరు మూతకు రబ్బరు సరిగ్గా కూర్చోకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. ఇక్కడ మన్నించే తేడా మిల్లీమీటరులో నాలుగోవంతు మాత్రమే. అంతకు మించితే తూటా డొక్క తెగి, నిప్పు వెనక్కి, అంటే గురిపెట్టినవాడి కంటి మీదికి తంతుంది. అందుకే ఇన్ని కొలతలు చూశాక కూడా మామూలు కంటే ఎక్కువ మందు దట్టించిన తూటాతో, మనిషి దూరంగా ఉండి, ఒకసారి పేల్చి చూస్తారు. తట్టుకున్న గొట్టం మీదే ముద్ర పడుతుంది. బర్మింగ్‌హాంలో ఈ పరీక్ష కోసమే చట్టం చేసి 1813లో ఒక భవనం పెట్టారు. మన దేశంలో కూడా 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి చేయడానికే కాదు, మరమ్మత్తుకూ, పరీక్షకూ కూడా లైసెన్సు ఉండాల్సిందే.

ఆ పెద్దాయన మాటల మధ్యలో ఒకటన్నాడు. "గొట్టమంటే విలాయతీదేనమ్మా. మన దగ్గర ఆ ఉక్కెక్కడిది?"

ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వూ వచ్చింది, కష్టమూ వేసింది. ఉక్కెక్కడిదా? మా మెట్‌పల్లి ఇసుకలో ఉన్నది!

ఇది ఊరి గొప్ప కోసం చెబుతున్న మాట కాదు. 1820 ప్రాంతంలో హెన్రీ వాయ్‌సీ అనే ఇంగ్లీషు వైద్యుడు దేశపు కొలతలు తీసే సర్వే బృందంతో నిజాం రాజ్యంలో తిరిగాడు. రాళ్ళూ ఖనిజాలూ అంటే ఆయనకు పిచ్చి. పాత కరీంనగర్ జిల్లా సరిహద్దు పక్కనే, ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో, కోనసముద్రం అనే ఊరుంది. అక్కడి కమ్మరులు ఉక్కు వండటం చూసి ఆయన వివరంగా రాసిపెట్టాడు. 1824లో ఆయన చనిపోయాడు. ఆ రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

"వండటం" అన్నానని అనుకోకండి, అది నిజంగా వంటే. రెండు ఊళ్ళ ఇనుమును పాళ్ళు చూసి కలిపేవారు. అందులో ఒకటి మెట్‌పల్లి ఇనుము, సూదంటురాయికి అంటుకునే నల్లని ఇసుక నుంచి తీసింది. ఇనుప ముక్కల్ని మట్టి మూసలో వేసి, మూత మెత్తి, బొగ్గుల కొలిమిలో రాత్రీ పగలూ తిత్తులు ఊది కాచేవారు. మెల్లగా చల్లారనిచ్చి మూస పగలగొడితే లోపల ఉక్కు బిళ్ళ. పాకం తెలిసినవాళ్ళకే అరిసె కుదిరినట్టు, ఈ ఉక్కు కూడా చెయ్యి తిరిగినవాళ్ళకే కుదిరేది. వాయ్‌సీ వెళ్ళేసరికి ఆ పల్లెలో పారశీక దేశపు ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు ఒకాయన ఉక్కు కొనడానికి కూచుని ఉన్నాడు! ఎక్కడి ఇస్ఫహాన్, ఎక్కడి కోనసముద్రం! నీటి అలల్లాంటి గీతలతో మెరిసే కత్తులకు ఈ ఉక్కే కావాలి మరి. మన "ఉక్కు" మాటే యూరపు భాషల్లో "వూట్జ్" అయిందని పండితులు చెబుతారు. పిల్లల పాఠాల్లో కరెంటుతో పాటు వచ్చే మైకేల్ ఫారడే, కమ్మరి కొడుకు, లండనులో ఈ వూట్జును పరీక్షించి 1819లో వ్యాసం రాశాడు. 2010లో బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి, ఈ పాత కొలిముల చిట్టెం కుప్పలూ మూసల పెంకులూ వెతికి నమోదు చేశారు. ఊరి బయట పిల్లలు ఎక్కి ఆడుకునే నల్లరాళ్ళ దిబ్బల కింద ఇంత కథ ఉందన్నమాట.

కోనసముద్రం ఉక్కు కత్తుల కోసం. గొట్టాల పని వేరు. మన దేశపు పాత తుపాకుల్లో మేలిరకం వాటికి ఇనుప పట్టీలను కడ్డీ చుట్టూ చక్రంలా చుట్టి, కాచి, సమ్మెటతో అతుకు కనపడకుండా ఏకం చేసేవారు. ఆ పద్ధతి యూరపుకూ పోయి, బెల్జియంలోనూ బర్మింగ్‌హాంలోనూ "డమాస్కస్ గొట్టాలు" అన్న పేరుతో 20వ శతాబ్దం మొదళ్ళ దాకా సాగింది. కత్తి చేసినా గొట్టం చేసినా, ఇనుము మర్మం తెలిసిన చేతులు మా వైపు ఉండేవి. మరి ఆ చేతులేమయ్యాయి? 1857 తరవాత ఇంగ్లీషు ఏలుబడిలో జనం దగ్గర ఆయుధాలు ఏరేశారు. 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. షెఫీల్డు నుంచి చవక ఉక్కు ఓడల్లో దిగింది. అడవుల మీద సర్కారు అజమాయిషీ పెరిగి, కొలిమికి బొగ్గు దొరకడం కష్టమైంది. ఇస్ఫహాన్‌కు ఉక్కు పంపినవాళ్ళ మునిమనవలు నాగలి కర్రులు సాగదీస్తూ, దొరగారి తుపాకికి విరిగిన మేకు దిగ్గొడుతూ బతికారు. మెట్‌పల్లికి నాలుగు కోసుల దూరంలో ఉన్న మా ఇంటి రైఫిలుకు గొట్టం మాత్రం ఏడు సముద్రాలు దాటి వచ్చింది.

ఇక ఆ రైఫిలు దేనికి పేలింది? వేటకు. ఆ రోజుల్లో వేట దర్జాకు గుర్తు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటలో పేరు మోసినవాడు. 1902లో వైస్రాయి కర్జను దంపతులు వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర చచ్చిన పులి పక్కన నిలబడగా దీనదయాళ్ తీసిన ఫోటో ప్రపంచమంతా తెలుసు. పెద్దలను చూసి చిన్నలు. జిల్లా అధికారులూ, దొరలూ, దేశముఖులూ ఎవరి తాహతుకు తగ్గట్టు వాళ్ళు ఆదిలాబాద్ అడవుల్లోకి డేరాలు కట్టుకుని వెళ్ళేవారు.

ఫోటోల్లో కనపడనివాళ్ళు కొందరున్నారు. డప్పులు కొడుతూ, కేకలు పెడుతూ, పొదలు దులుపుతూ జంతువును తుపాకి ముందుకు తరిమేవాళ్ళు. వాళ్ళకు కూలి లేదు. వెట్టి. దొర వేటకు పోతే ఇంటికొకడు కర్ర పట్టుకుని రావాల్సిందే. జంతువుకూ తుపాకికీ మధ్య ఉండేది వాళ్ళే.

మా ఇంటి రైఫిలుకు గొట్టం మార్చడానికి కాగితాల మీద కారణం చట్టమని చెప్పాను కదా. వంటింట్లో చెప్పుకునే కారణం ఇంకొకటుంది. అది మా అత్తగారు నాతో ఒకే ఒక్కసారి చెప్పింది. గొట్టం బాగా అరిగిపోయిన రోజుల్లో ఒక వేటలో మా పెద్దమామగారు అడవిపందికి గురిపెట్టారట. అరిగిన గొట్టంలో గుండు గాళ్ళను పట్టుకోదు, తిరగదు. తిరగని గుండు పల్టీలు కొడుతూ పోతుంది. పందికి తగలాల్సిన చోట తగల్లేదు. గాయపడ్డ పంది తిరిగి, తరిమేవాళ్ళ వరస మీదికి వచ్చింది. మా ఊరి మనిషే, పొట్ట చీరేసింది. బండి కట్టి పట్నం ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. వెట్టికి వచ్చినవాడు. మరుసటేడు గొట్టం మారింది. చనిపోయినతని భార్యకు మా వంటింట్లో పని ఇచ్చారు. ఆ తరవాత వేట నుంచి వచ్చిన రాత్రుల్లో గొట్టం కడగడానికి నీళ్ళు కాచింది ఆవిడే.

మా అత్తగారు ఈ సంగతి చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుని, "ఆమె ఒక్కనాడు గూడ ఏమనలే" అంది.

అడవి మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న ఆదిలాబాదులో అప్పటికే నెత్తురు చూసింది. గోండుల కుమ్రం భీం జల్, జంగల్, జమీన్ అని నిలబడి, 1940లో జోడేఘాట్ కొండల్లో నిజాం పోలీసుల కాల్పుల్లో ప్రాణాలు విడిచాడు. దసరా వెళ్ళిన అయిదో నాడు, ఆశ్వయుజ పౌర్ణమికి, ఇప్పటికీ అక్కడ ఆయన వర్ధంతి జరుపుతారు. ఆయన విగ్రహాల్లో చాలావాటికి చేతిలో తుపాకి ఉంటుంది. దొరల హాల్లో వేలాడిన తుపాకి వేరు, ఆ చేతిలోని తుపాకి వేరు. ఒకటి అడవికి విహారంగా వెళ్ళింది. రెండోది అడవి పోతే బతుకే పోతుందన్నవాళ్ళది.

నేను కాపురానికి వచ్చేసరికి వేటలు ముగిశాయి. 1970లో పులిని చంపడం నిషేధించారు. 1972లో లెక్కపెడితే దేశం మొత్తం మీద 1827 పులులు తేలాయి. ఆ ఏడే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. జన్నారం అడవుల్లోని కవ్వాల్ 1965 నుంచే అభయారణ్యం, 2012లో పులుల రక్షిత ప్రాంతమైంది. మహారాష్ట్ర అడవుల నుంచి పెన్‌గంగ దాటి పులులు మళ్ళీ ఆదిలాబాద్ వైపు వస్తున్నాయి. పులి వచ్చిందంటే ఇప్పుడు ఆ ఊళ్ళకు తుపాకులు పోవు. అటవీశాఖవాళ్ళు కెమెరాలు పట్టుకుని పోతారు.

తుపాకులు మాత్రం ఇళ్ళలోనే ఉండిపోయాయి. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తరవాతి ఏళ్ళలో ఎన్నో గడీలకు తాళాలు పడ్డాయి. లైసెన్సు తుపాకి ఇంట్లో ఉండటం రక్షణ కాదు, ప్రమాదం అయింది. మాది కూడా పోలీసు ఠాణాలో అప్పగించాం. ఎన్నేళ్ళో అది అక్కడి వానాకాలాలు చూసింది. అక్కడ మరిగే నీళ్ళు పోసేవాళ్ళెవరు? తిరిగొచ్చేసరికి 315 గొట్టం కూడా లోపల గుంటలు పడి పాడైంది.

2019 డిసెంబరులో చట్టం సవరించి, ఒక మనిషి దగ్గర మూడు తుపాకుల దాకా ఉండవచ్చునన్నదాన్ని రెండుకు తగ్గించారు. అప్పుడు పాత ఇళ్ళన్నింట్లోనూ తుపాకుల మీద చర్చలు జరిగాయి. మా ఇంట్లోనూ జరిగింది. మా మరిది కొడుకు హైదరాబాదులో ఇంజనీరు, గురి పోటీలంటే ఇష్టం. "పెద్దమ్మా, తాత రైఫిలుకు కొత్త గొట్టం వేయిస్తా. అనుమతి తెచ్చుకుంటా, ఖర్చు నాది. తాత గుర్తు మళ్ళీ ప్రాణం పోసుకుంటది" అన్నాడు.

వాడి కోరికలో తప్పేమీ లేదు. వాడు జంతువును చంపేవాడు కాదు, అట్ట మీద చుక్కను కొట్టేవాడు. చట్టానికి లోబడి చేయించే పనిలో మోసం లేదు. పైగా పాత వస్తువును బాగుచేసుకోవడం నాకు మాత్రం ఇష్టం లేదా! కానీ నేను వద్దన్నాను. ఎందుకో చెప్పాను. ఆ పంది సంగతి, ఆ మనిషి సంగతి, రాత్రుళ్ళు నీళ్ళు కాచిన ఆవిడ సంగతి మొదటిసారి మా ఇంటి పిల్లలకు చెప్పాను.

"తాత తుపాకి అంటే నీకు కట్టె, బోల్టు, నంబరు. అవి తాతవే. కానీ ఆ గొట్టం ఒక్కటే మన ఇంట్లో తాతది కాదు నాయనా. అది ఆ మనిషి చనిపోయినందుకు వచ్చిన గొట్టం. ఆయన పేరు ఏ లైసెన్సులోనూ లేదు, ఏ ఫోటోలోనూ లేదు. మన దగ్గరున్న గుర్తల్లా అదే. దాన్ని తీసేస్తే తుపాకి బాగుపడుతుంది గానీ, కథ పోతుంది" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఆ కుటుంబం ఇప్పుడెక్కడుందని అడిగాడు. ఆవిడ మనవరాలు కరీంనగర్‌లో నర్సుగా పనిచేస్తోంది. వాడు వెళ్ళి కలిసొచ్చాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. గొట్టం మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

దసరా సాయంత్రం మనం జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దలకు దండం పెడతాం. పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచారనీ, ఏడాది నిండాక దించుకున్నారనీ పిల్లలకు చెబుతాం. మా ఇంటి రైఫిలు ఇప్పుడు లైసెన్సు ఉన్న ఒక వర్తకుడి భద్రతలో ఉంది, పాడైన గొట్టంతోనే. ఏడాదికోసారి రుసుము కట్టి, కాగితం తెచ్చుకుంటాం. మేం దించుకునే రోజంటూ ఏదీ పెట్టుకోలేదు.